రక్షకుఁడే భక్షకుఁడైనచో

రాజధనము నపహరించు నుపాయములు 40 గలవని కౌటిల్యుఁ డర్థశాస్త్రమునఁ జెప్పి, యుద్యోగులను గనిపెట్టుమని రాజును హెచ్చరించెను. రాజే యపహర్త యైనచో గతి యేమి? ఫిలిప్పీను దీవుల చరిత్రము దీనికిఁ దార్కాణము.

1965లో నధ్యక్షుఁడుగా నెన్నికైన ఫెర్డినాండు మార్కోసు 1972లో సైనికశాసనము విధించి పత్రికల నోరు గట్టెను. చక్కెర, కొబ్బరి వర్తకముల నాప్తుల వశము చేసెను. 1986లో జనులు తిరుగఁబడఁగా సకుటుంబముగా హవాయికిఁ బాఱిపోయెను. ఆ దంపతులు పదవులవలన న్యాయముగా నార్జించినది 3 లక్షల డాలర్లకుఁ గొంచెము మించును. స్విట్జర్లాండు బ్యాంకులలో దొరకినదో, 65 కోట్లకుఁ బైమాటయే! అది ప్రజాధనమని యచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పునప్పటికి 2003 వచ్చెను. 2022లో నా ప్రజలే యతని కుమారు నధ్యక్షునిగా నెన్నుకొనిరి.

మహాజనులారా! మన సంఘనిధి స్వల్పమే. అయినను ఏఁటేఁట లెక్కలు సభలోఁ జదువుఁడనుట పెద్దల నవమానించుట గాదు. వారి గౌరవమును గాపాడుటయే.