అల్పమోతాదు లిథియము: లవణభేదములు

లిథియము క్షారలోహములలో మొదటిది, లోహములన్నిటను మిక్కిలి తేలికయైనది. దీని పరమాణుసంఖ్య 3, పరమాణుభారము 6.94. 1817లో స్వీడను దేశీయుడగు ఆర్ఫ్వెడ్సన్, బెర్జీలియస్ ప్రయోగశాలయందు పెటలైటను ఖనిజమును విశ్లేషించుచు దీని యునికిని కనిపెట్టెను. రాతినుండి లభించినది గావున గ్రీకు భాషలో శిలావాచకమగు పదమునుండి దీనికి నామకరణము జరిగినది. శుద్ధలోహము నీటిని తాకినంతనే దానితో చర్య జరుపునది గనుక మనుష్యుడు లోనికి పుచ్చుకొనునది ఎప్పుడును దాని లవణమే. కార్బొనేటు, సిట్రేటు, ఒరొటేటు, ఆస్పర్టేటు అని సీసాలపై కనబడు పేర్లు లిథియమునకు తోడుగా నున్న భాగముల పేర్లు. మందు మాత్రము అన్నిట ఒక్కటే. మనోవ్యాధుల చికిత్సలో వాడు మోతాదునకు ఎంతో తక్కువగా, దినమునకు కొద్ది మిల్లీగ్రాములు మొదలుకొని మిల్లీగ్రామునకు లోబడిన పరిమాణము వరకు, ఆహారపూరకములుగా అమ్ముడగు ఈ లవణముల తారతమ్యము ఈ వ్యాసమునకు విషయము.

కామారెడ్డి జిల్లాలో మంజీరా సీమయందు, 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల నీటితో వరి పండించు బాన్సువాడకు ఈ విచారణతో పనియేమని చదువరికి తోచవచ్చును. పని కలదు. దేశమందలి తక్కిన ఊళ్లలోవలెనే ఇచ్చటను వైద్యుని చీటీమీద మందుల దుకాణమున దొరకు లిథియము కార్బొనేటే. అది 300 మిల్లీగ్రాముల మాత్రగానో, మెల్లగా కరగు 400 మిల్లీగ్రాముల మాత్రగానో వచ్చును. తక్కిన లవణములు ప్రయాణపు పెట్టెలలో వచ్చును. అమెరికానుండి పెండ్లికో పండుగకో దిగిన కొడుకు బాదంపప్పుతోను చాక్లెట్లతోను కూడ ఒక తెల్లని ప్లాస్టిక్ సీసాను బల్లమీద పెట్టి, “నిద్రకు మంచిదట బాపూ, రోజుకొక్క గోలి వేసుకో” అనును; తల్లి దానిని పొరుగింటివారికి చూపి, “మందు గాదక్కా, బలానికేనట” అని చెప్పును. బలానికి అన్నమాట చెవిని బడినంతనే మోతాదు లెక్క మనస్సునుండి జారిపోవుట మనవారికి అలవాటు.

ఆ లెక్కయే ఈ విషయమునకు ప్రాణము. సీసా ముందువైపు పెద్దయక్షరములలో లిథియం ఒరొటేట్ 130 మిల్లీగ్రాములనియు, వెనుకవైపు సన్నయక్షరములలో లిథియం 5 మిల్లీగ్రాములనియు నుండును. రెండును నిజమే, వడ్ల బస్తా తూకము వేరు, మరపట్టిన పిమ్మట చేతికి వచ్చు బియ్యపు తూకము వేరు అని ఎరిగిన బాన్సువాడ రైతునకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. కార్బొనేటు బరువులో లిథియము నూటికి సుమారు 19 పాళ్లు, క్లోరైడులో 16, నీరులేని సిట్రేటులో 10, ఆస్పర్టేటులో 5, ఒరొటేటులో 4. ఒరొటేటు అణువు బరువు దాదాపు అంతయు తోడుగా వచ్చిన ఒరొటిక్ ఆమ్లముదే యనుట అతిశయోక్తి కాదు. కావున 300 మిల్లీగ్రాముల కార్బొనేటు మాత్రలో నున్న లిథియము 56 మిల్లీగ్రాములు. అనగా 130 మిల్లీగ్రాముల ఒరొటేటు మాత్రలో నున్నదానికి పదకొండింతలు. అంకెలను మాత్రమే చూచి ఇది దానికి రెండింతలకు కొంచెము మించునని తలచి ఒకదానికి బదులొకటి మ్రింగువాడు ఎంత పొరబడునో ఊహించుకొనవచ్చును. ఉన్మాద విషాదముల మధ్య ఊగులాడు ద్విధ్రువ వ్యాధికి దినమునకు 900 మిల్లీగ్రాముల కార్బొనేటు నిచ్చినచో లోనికి చేరు లిథియము 169 మిల్లీగ్రాములు. దానితో పోల్చినప్పుడే పూరకములను అల్పమోతాదు లనుట చెల్లును.

లిథియమును అల్పముగా సేవించుట నేటి వింత కాదు. 1859లో లండను వైద్యుడు గారడ్ వాతరక్తమునకు లిథియము హితమని వ్రాసినది మొదలు, లిథియము గలదని చెప్పుకొను ఊటనీళ్లకు ఐరోపా అమెరికాలలో గొప్ప గిరాకి యేర్పడెను. 1929లో బజారునకు వచ్చిన సెవెన్ అప్ పానీయములో సైతము 1948 వరకు సిట్రేటు కలుపుచుండిరి. 1949వ సంవత్సరము దీని చరిత్రలో రెండు ముఖములు గలది. ఆ యేటనే ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదరోగులకు లిథియము శాంతినిచ్చునని ప్రకటించెను. ఆ యేటనే అమెరికాలో, ఉప్పు తినరాని గుండెజబ్బు రోగులు ఉప్పునకు మారుగా లిథియము క్లోరైడును కూరలపై యథేచ్ఛగా చల్లుకొని విషమించి, కొందరు మరణింపగా, ఆ పొడులను బజారునుండి తొలగించిరి. క్లోరైడు నేడు పూరకముగా అరుదు. అమెరికా ప్రభుత్వము కార్బొనేటును మందుగా అంగీకరించుటకు 1970 వరకు పట్టినది.

ఒరొటేటునకు ప్రఖ్యాతి తెచ్చినవాడు జర్మను వైద్యుడు హాన్స్ నీపర్. ఒరొటిక్ ఆమ్లము లిథియమును జీవకణముల లోపలికి మోసికొనిపోవుననియు, అందువలన కొంచెమే చాలుననియు 1970 దశకమున ఆయన వాదించెను. 1978లో ఎలుకలపై జరిగిన యొక పరిశోధనలో కార్బొనేటు నిచ్చిన వానికంటె ఒరొటేటు నిచ్చినవాని మెదడులో లిథియము మూడింతలు నిలిచినట్లు తేలగా, నీపర్ మాటకు బలము చేకూరినట్లే కనబడెను. మరుసటి సంవత్సరమే స్మిత్, షౌ అను నిరువురు కారణమును వేరొకచోట చూపిరి: ఒరొటేటు ఎలుకల మూత్రపిండములు మందగించినవి, మూత్రము తగ్గినది, లిథియము వెలికిపోలేక లోపలనే నిలిచినది. తూము మూసికొనిపోయిన చెరువులో నీరు నిండుట వానదేవుని కృప యనుకొనుట యెంతో, ఆ మూడింతలను గొప్పగా చెప్పుకొనుట అంతయే. ఆ ప్రయోగపు మోతాదులు పెద్దవనుట మరువరాదు. 5 మిల్లీగ్రాములు ఆరోగ్యవంతుని మూత్రపిండమును అట్లే బాధించునని దానినుండి తీర్మానింపరాదు.

వాదము అంతటితో ముగియలేదు. 2025లో హార్వర్డు వైద్యపాఠశాలకు చెందిన బ్రూస్ యాంక్నర్ బృందము ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము ఒరొటేటును మరల నలుగురి నోళ్లకెక్కించినది. ఆల్జీమర్ వ్యాధిగ్రస్తుల మెదడులో పేరుకొను అమైలాయిడ్ ముద్దలు అచ్చటి సహజ లిథియమును పట్టి బంధించుననియు, ఆ పట్టునకు కార్బొనేటు సులభముగా చిక్కుననియు, ఒరొటేటు అంతగా చిక్కదనియు, మిక్కిలి స్వల్పమోతాదులో ఒరొటేటు నిచ్చిన చుంచులలో జ్ఞాపకశక్తి మెరుగుపడెననియు వారు వ్రాసిరి. తోడు భాగమునకు విలువ కలదని గట్టి యాధారముతో పలికిన వాదములలో ఇది ముఖ్యమైనది. అయినను అవి చుంచులు, మనుష్యులు కారు.

తక్కినవానిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. సిట్రేటు నీట సులభముగా కరగును గనుక చుక్కలమందునకు అనువు. మిల్లీగ్రామునకు లోపలి మోతాదును చుక్కలతో కొలుచుకొనవచ్చునను ఒక్క సదుపాయముతప్ప దానికి వేరు మహిమ లేదు. ఆస్పర్టేటు ఒరొటేటునకు తోబుట్టువువలె అమ్ముడుపోవును గాని దానిపై మానవ పరిశోధన లేనంత తక్కువ. గ్లూకొనేటును చర్మమునకు పూయు లేపనముగా ఫ్రాన్సులో వాడుదురు. హోమియో దుకాణములోని లిథియం కార్బ్ 30 అను గుళికలలో లిథియము పేరునకే కలదు. అంత పలుచన చేసిన పిమ్మట ఒక్క పరమాణువైనను మిగులుట దుర్లభము.

అల్పమోతాదు పనిచేయునా యను ప్రశ్నకు సమాధానము ఇంకను సగములోనే యున్నది. 1990లో టెక్సాసులోని 27 కౌంటీలను పరిశీలించిన ష్రౌజర్ ప్రభృతులు, త్రాగునీట లిథియ మెక్కువగా నున్నచోట ఆత్మహత్యలు తక్కువని కనుగొనిరి. 2009లో జపానులోని ఒయిటాయందును అట్టి ఫలితమే వచ్చినది. నీటితోపాటు ఊరిలో మారునవి పెక్కు గలవు గనుక దీనిని రుజువుగా గైకొనరాదు. 2013లో బ్రెజిలులో ఆల్జీమర్ రోగులకు దినమునకు 300 మైక్రోగ్రాములు చొప్పున 15 నెలలిచ్చిన చిన్న పరీక్షలో, మందు పొందినవారి బుద్ధిశక్తి తక్కినవారివలె క్షీణింపలేదని తేలినది. ఆ మోతాదు ఒరొటేటు మాత్రలోనున్న లిథియమునకు సుమారు పదునేడవ పాలు. ఏ లవణము మేలో తేల్చుటకు మనుష్యులపై ఒకదాని ప్రక్క నొకటి పెట్టి జరుపు పెద్ద పరీక్షలు కావలెను.

ఇక బాన్సువాడ వేసవి. లిథియమునకు దేహమునుండి వెలికిపోవు త్రోవ దాదాపు మూత్రపిండ మొక్కటే. అచ్చట అది సోడియము వెంట నడచును. చెమటతోనో వాంతి విరేచనములతోనో ఉప్పు, నీరు పోయినప్పుడు మూత్రపిండము ఉప్పును బిగబట్టుకొనును, దానితో లిథియమును బిగబట్టుకొనును. ఎండలు మండు దినములలో కల్లమునందు వడ్లు ఆరబోసినవాడును, దినమంతయు వంగి నాట్లు వేసి ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ వేసికొన్నదియు, రక్తపోటునకు టెల్మిసార్టానో, మూత్రము జారీచేయు థయజైడో వాడు పెద్దవారును ఈ బిగింపునకు లోనగుదురు. నొప్పికి పారసిటమాల్ అయినచో ఈ చిక్కు లేదు. వైద్యమోతాదులో నున్నవారికి ఇది ప్రాణాపాయము: రక్తమున లీటరునకు 0.6 మొదలు 1.2 మిల్లీమోలుల వరకు హితము, 1.5 దాటినచో విషలక్షణములు, 2 దాటినచో ఘోరము. పూరకము ఆ మెట్టునకు ఒంటరిగా ఎక్కజాలదు. కాని మూత్రపిండములు చెడినవారికిని, అప్పటికే కార్బొనేటు వాడుచున్నవారికిని, గర్భిణులకును, థైరాయిడ్ జబ్బు గలవారికిని అల్పమను మాట రక్ష కాదు. 2007లో వెలువడిన యొక నివేదికలో, ఒకేమారు 18 ఒరొటేటు మాత్రలు మ్రింగిన యువతికి వికారమును చేతివణకును కలిగెను.

రక్తమున లిథియమును కొలుచు పరీక్షలో ఒక సూక్ష్మము గలదు. చివరి మోతాదు పిదప 12 గంటలకు రక్తము తీయవలెను. తీసిన రక్తమును ఆకుపచ్చ మూతగల గొట్టములో పోయరాదు, ఏలయన గడ్డకట్టకుండుటకై ఆ గొట్టములో పూయు హెపారిను తరచుగా లిథియము లవణమే. లేని లిథియము ఉన్నట్లు కాగితముమీదికెక్కి, భయపడి మందు మానినవాడు మరల ఉన్మాదమున పడుటకు ఇంత చాలును.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన దైనిక పోషకావసరముల పట్టికలో లిథియమునకు స్థానము లేదు. దినమునకు 1 మిల్లీగ్రాము వలయునని 2002లో ష్రౌజర్ సూచించినది ఆయన ప్రతిపాదన మాత్రమే. కావున సీసాను బలపు గోలీల వరుసలోనుండి తీసి మందుల వరుసలో పెట్టుట యుక్తము. దానిని చేతబట్టుకొనియే బీ.పీ. మాత్రలిచ్చు వైద్యుని వద్దకు పోవలెను, వెనుకవైపు సన్నయక్షరములను ఆయనకు చూపవలెను. నిద్రలేమికో మనోవ్యథకో ఆ సీసా తెరచినవారు మానసికారోగ్య సహాయవాణి యగు టెలి మానస్ వారి 14416 సంఖ్యకు పగలైనను రాత్రియైనను ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.