బూట్లు లేక ఓడిపోయామా?

2019 జూలై 27, శనివారం. సెలవు మీద సిద్దిపేటలో అక్క వాళ్ళింట్లో ఉన్నాను. పొద్దున్నే అయిదింటికి మా మేనల్లుడు వచ్చి "మామా, లే, మ్యాచ్ షురూ అయితుంది" అని లేపేశాడు. వాడప్పుడు తొమ్మిదో తరగతి. రియల్ మాడ్రిడ్ అంటే ప్రాణం. అమెరికాలో న్యూజెర్సీలో రియల్ మాడ్రిడ్‌కీ, అదే ఊరి అట్లెటికోకీ ఆట. సీజన్ మొదలవడానికి ముందు ఆడే సన్నాహక మ్యాచ్. అంటే గెలిస్తే పాయింట్లు రావు, ఓడితే పోవు. ఫోన్లో ఏదో లింకు పట్టుకుని ఇద్దరం మంచం మీద కూర్చున్నాం.

మొదటి నిమిషంలోనే గోల్. సగం ఆటకి అయిదు సున్నా. చివరికి 7-3. డియెగో కోస్టా అనేవాడొక్కడే నాలుగు కొట్టాడు (కొట్టి, తర్వాత ఎర్ర కార్డు కూడా తిన్నాడు, అది వేరే కథ). మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క టీ పట్టుకొచ్చి "ఏమైందిరా, ఎవరు పోయిన్రు?" అని నిజంగానే కంగారుపడింది.

కాసేపటికి నోరు తెరిచాడు. "జిదాన్‌ని తీసెయ్యాలె మామా. డిఫెన్స్ లేదు, ఏం లేదు. ఈ ఫార్మేషన్ మార్చాలె. అందరు ముసలోల్లు అయిన్రు." పధ్నాలుగేళ్ళ పిల్లాడు కాబట్టి వాడి మాటలకి నవ్వొచ్చింది గానీ, ఆ రోజు ప్రపంచమంతా పెద్దవాళ్ళు కూడా ఇవే మాటలు అంటున్నారు. పెద్ద తేడాతో ఓడినప్పుడు మనకి వెంటనే ఒక కారణం కావాలి. అది చేతికి అందేంత దగ్గర్లో ఉండాలి, పేరు పెట్టి తిట్టడానికి వీలుగానూ ఉండాలి.

వాణ్ణి తీసుకుని కోమటిచెరువు కట్ట మీదికి నడకకి బయల్దేరాను. నడుస్తూ మన ఊరికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక బడిపంతులు కథ చెప్పాను. వాడికి చెప్పిందే, కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, హైదరాబాద్ బళ్ళలో పాఠాలు చెప్పాడు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా పట్టుకొచ్చింది. కలకత్తా వాళ్ళ సొత్తు అనుకున్న ఆటలో మనవాళ్ళు చేసిన పని అది. నేను సిద్దిపేటలో పదో తరగతి దాకా చదువుకున్నాను. ఈ పేరు ఒక్కరు కూడా నాకు చెప్పలేదు. మా డ్రిల్లు మాస్టారి బీరువాలో ఒక ఫుట్‌బాల్ ఉండేది, అది ఆగస్టు పదిహేనుకి తప్ప బయటికొచ్చేది కాదు. :)

ఇహ అసలు సంగతి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్ బంగారం గెలిచింది. కోచ్ రహీం. ఆ ఊపులో మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్ళారు. 1952 జూలై 15న మొదటి ఆటలోనే యుగొస్లావియా చేతిలో 10-1. మన ఒక్క గోలూ అహ్మద్ ఖాన్‌ది. ఆ యుగొస్లావియా తర్వాత ఫైనల్ దాకా వెళ్ళి వెండి పతకం గెలిచిన జట్టు, కాబట్టి ఓడటంలో వింతేం లేదు. కానీ పది గోల్సు!

అప్పుడు అందరికీ దొరికిన కారణం కాళ్ళు. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. చల్లటి దేశం, తడి గడ్డి, అవతలివాళ్ళకి బూట్లు. చూడగానే అర్థమయ్యే కారణం, ఫోటోలో కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. సమస్య తీరిపోయింది అనుకున్నారు.

(ఈ వట్టికాళ్ళ కథ మనకి అంతకుముందే అలవాటు. 1950 ప్రపంచ కప్పుకి అర్హత దొరికీ మనం వెళ్ళలేదు. వట్టికాళ్ళతో ఆడనివ్వరు కాబట్టి వెళ్ళలేదని ఇప్పటికీ చాలామంది చెప్తారు. అప్పటి కెప్టెన్ శైలేన్ మన్నా మాత్రం తర్వాత్తర్వాత ఆ మాట కొట్టిపారేశాడు. సమాఖ్యకి ఒలింపిక్సే లోకం, ప్రపంచ కప్పుని పట్టించుకోలేదు అన్నాడు. అంటే బూట్లు అప్పుడూ ఒక సాకే.)

సరే, బూట్లొచ్చాయి. మూడేళ్ళు గడిచాయి. మెల్బోర్న్ ఒలింపిక్స్‌కి సుమారు పద్నాలుగు నెలల ముందు, 1955 సెప్టెంబరు 16న, మాస్కోలో సోవియట్ యూనియన్‌తో స్నేహపూర్వక మ్యాచ్. ఫలితం 11-1. భారత జట్టు చరిత్రలో అంతకన్నా పెద్ద ఓటమి ఇంకోటి లేదు. పది గోల్సు తిన్న జబ్బుకి బూట్ల మందు వేస్తే, ఇంకో గోల్ ఎక్కువ తిన్నామన్నమాట!

మన వృత్తిలో ఇది తెలియనివాళ్ళెవరు? ఒకసారి మా ప్రాజెక్టులో గో-లైవ్‌కి ముందు రిహార్సల్ చేస్తే మొత్తం కుప్పకూలింది. సర్వర్‌లో మెమరీ చాలలేదని అరగంటలో తేల్చేశాం. మెమరీ పెంచాం, అందరం ఇంటికెళ్ళి పడుకున్నాం. రెండోసారి ఇంకా ముందే కూలింది. అసలు దోషం ఒక క్వెరీలో ఉంది. దాన్ని రాసినవాణ్ణి నేనే కాబట్టి పేర్లు వద్దు. మెమరీ తక్కువన్నది అబద్ధం కాదు. కానీ అది కనిపించిన కారణం, కూల్చిన కారణం కాదు.

మరి ఫుట్‌బాల్లో ఆ క్వెరీ ఏది? నాకు అర్థమైనంతలో రెండు.

ఒకటి, మైదానంలో మనుషుల అమరిక. వెనకటి పద్ధతిలో గోలీ ముందు ఇద్దరు బ్యాకులు, మధ్యలో ముగ్గురు, ముందు అయిదుగురు. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మార్చారు. అంతకుముందు దాడి చేసేవాడికీ గోల్ గీతకీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులుండాలి, ఆ తర్వాత ఇద్దరుంటే చాలు. దాంతో గోల్సు వరదలా వచ్చాయి. ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ మధ్యలో ఉండేవాణ్ణి వెనక్కి లాగి మూడో బ్యాకుగా నిలబెట్టాడు. ప్రపంచం అటు వెళ్ళింది. మన దేశంలో మాత్రం 1950ల్లోకి వచ్చాక కూడా ఇద్దరు బ్యాకుల ఆటే ఎక్కువ. మనలో మనం ఆడుకున్నంతకాలం ఇబ్బంది లేదు, ఎందుకంటే అవతలివాడూ అదే ఆడతాడు. బయటివాడు వచ్చినప్పుడే ఆ ఖాళీ కనపడుతుంది.

రెండోది ఆట నిడివి. అంతర్జాతీయంగా తొంభై నిమిషాలు. అప్పట్లో మన దేశవాళీ పోటీలు అంతకన్నా తక్కువసేపే జరిగేవి. ఇంట్లో పెట్టుకున్న టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి, బయట ప్రొడక్షన్ ఇంకొకటి. చివరి అరగంటలో కాళ్ళు లేవకపోతే వాటికి బూట్లున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

హెల్సింకీలో పది గోల్సు చూసిన రహీమే మెల్బోర్న్‌కీ కోచ్. ఈ మధ్యలో 1953 నవంబరులో హంగేరీ వెంబ్లీకి వెళ్ళి ఇంగ్లండ్‌ని 6-3తో కొట్టింది. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడేవాడు. అతనికి కాపలా ఉండాల్సిన ఇంగ్లీషు బ్యాకుకి వెంట వెళ్ళాలో, ఉన్నచోటే ఉండాలో తెలియలేదు. చాదర్‌ఘాట్ బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి ఆ కిటుకు పట్టుకున్నాడు. ముందు వరసలో ఒకణ్ణి వెనక్కి లాగే పద్ధతి మన జట్టుకి నేర్పాడు. ఇక ఆయన హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే నిబంధనతో కుర్రాళ్ళకి పోటీలు పెట్టేవాడట. అంటే బంతి వస్తే వెంటనే పక్కవాడికి అందించాల్సిందే. అలవాటు లేని కాలితోనే తన్నాలని ఇంకో రకం పోటీ. ఇదీ అసలు శిక్షణ అంటే. వట్టికాలా, బూటుకాలా అని జనం వాదించుకుంటుంటే ఈయన ఎడమకాలి సంగతి చూశాడు.

1956 మెల్బోర్న్. మొదటి రౌండులో ప్రత్యర్థి హంగేరీ రాలేదు (అక్కడ తిరుగుబాటు, సోవియట్ ట్యాంకులు). తర్వాత ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టాం, నెవిల్ డిసౌజా మూడు గోల్సు. సెమీఫైనల్లో ఎవరు? మళ్ళీ యుగొస్లావియానే. సగం ఆటకి సున్నా సున్నా. రెండో సగంలో ముందు గోల్ మనదే, డిసౌజా కొట్టాడు. చివరికి 4-1తో ఓడాం. కంచు పతకం ఆటలో బల్గేరియా మీద 0-3. నాలుగో స్థానం. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం... ఆ జట్టులో మన హైదరాబాద్ వాళ్ళ లెక్క చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఒలింపిక్స్‌లో మనం ఆడినవి మూడు, గెలిచింది ఒకటే. పెద్ద జట్లు చాలా రాలేదు. యుగొస్లావియాది కూడా హెల్సింకీ నాటి జట్టు కాదు. కాబట్టి "ప్రపంచంలో నాలుగో జట్టు" అని మీసం మెలెయ్యడం నాకు నచ్చదు. నేను లెక్కేసేది వేరే. పదమూడు గోల్స్ తేడా ఉండాల్సినచోట... అబ్బే, అతిశయోక్తి వద్దు. తొమ్మిది గోల్స్ తేడాతో చిత్తయిన పేరుకే ఎదురు నిలిచి, సగం ఆట పైచిలుకు సమఉజ్జీగా ఉండటం. అదీ మాస్కోలో పదకొండు తిన్న ఏడాది తర్వాత.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇదే పాఠం ఒకే టోర్నీలో జరిగిపోయింది. మొదటి ఆట దక్షిణ కొరియా మీద 0-2 ఓటమి. మధ్యలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని కూర్చోబెట్టకుండా, వెనక నుంచి తీసి ఫార్వర్డ్‌గా ఆడించాడు! సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియా మీద 2-1 గెలుపు, ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది తలకి కట్టుతో జర్నైల్ సింగ్‌ది. అప్పటికే రహీంకి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయాడు. భారత ఫుట్‌బాల్ జట్టు 1960 తర్వాత ఒలింపిక్స్ మొహం చూడలేదు, 1962 తర్వాత ఆసియా బంగారం చూడలేదు.

కట్ట దిగేసరికి మావాడు కాస్త తేరుకున్నాడు. "అయితే జిదాన్‌ని ఉంచాల్నా?" అన్నాడు అనుమానంగా. నాకేం తెలుసురా అన్నాను. నిజంగానే తెలియదు. కానీ ఆ ఏడాది రియల్ మాడ్రిడ్ స్పెయిన్ లీగ్ గెలిచింది. ఏడు గోల్సు తిన్న జట్టు 38 ఆటల లీగు మొత్తం మీద తిన్నవి 25 మాత్రమే, ఆ లీగులో అందరికన్నా తక్కువ. జిదానే కోచ్. 2020 జూలైలో కప్పు గెలిచిన రాత్రి మావాడు నాకు ఫోన్ చేసి "మామా, నీ బడిపంతులు కరెక్టే" అన్నాడు.

కథ ఇక్కడ ఆపేస్తే సుఖాంతం. కానీ ఆపలేను. 2019 అక్టోబరు 25న హైదరాబాద్ ఎఫ్‌సీ అనే కొత్త క్లబ్బు తన మొదటి ఐఎస్ఎల్ ఆటలో కోల్‌కతా జట్టు ఏటీకే చేతిలో 0-5తో ఓడింది. ఆ సీజన్ అట్టడుగున ముగిసింది. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి మూడు సీజన్లు ఉన్నాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచారు. మావాడు రియల్ మాడ్రిడ్ చొక్కా పక్కన పెట్టి పసుపు చొక్కా కొన్నాడు. 2023లో ఆ కోచ్ వెళ్ళిపోయాడు, ఆ తర్వాత డబ్బు కష్టాలు, ఆటగాళ్ళు చెల్లాచెదురు. 2023-24లో మళ్ళీ అట్టడుగు. 2025లో క్లబ్బే ఢిల్లీకి వెళ్ళిపోయింది, పేరు కూడా మారింది.

ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న మావాడు ఈమధ్య ఒక ప్రశ్న వేశాడు. "మామా, ఓడితే నేర్చుకోవాలె అని చెప్పినవ్ గదా. నేర్చుకున్నోళ్ళే లేకుంటే ఎట్ల?"

నా దగ్గర సరైన జవాబు లేదు. ఓటమి దానంతటది ఏమీ నేర్పదు. దాన్ని చూసిన మనిషి మర్నాడు పొద్దున మళ్ళీ అదే మైదానానికి రావాలి, ఏడాది తర్వాత కూడా రావాలి. రహీం అలా ఇరవై ఏళ్ళు హైదరాబాద్‌లో వచ్చాడు. మన ప్రాజెక్టుల్లో కూడా అంతే కదా. పోస్ట్‌మార్టమ్ రాసినవాడు ఆర్నెల్లకి కంపెనీ మారతాడు, వాడి డాక్యుమెంటు ఎవరూ తెరవరు, అదే తప్పు ఇంకొకడి చేత్తో మళ్ళీ జరుగుతుంది. బూట్లు కొనడం తేలిక, మనిషిని నిలబెట్టుకోవడమే కష్టం.

ఈసారి సిద్దిపేట వెళ్ళినప్పుడు మా బడికి నాలుగు బంతులు కొనిద్దామనుకుంటున్నాను. బీరువాలో పెట్టకూడదన్న షరతు మీద.