రాదారి పడవ నుంచి విహార నౌక దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాయవలసిందని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, మళ్లీ జమీందార్ల సంగతో, వీరమ్మతల్లి తిరునాళ్ల సంగతో రాయాలి కాబోలు అనుకున్నాను. వాటి గురించి నాకంటే తెలిసినవారు ఇదివరకే రాశారు. ఇంతలో కిందటి సమావేశం ముగిశాక టీ తాగుతుండగా ఒక చర్చ లేచింది. అందరం కలిసి విశాఖపట్నంలో విహార నౌక ఎక్కుదామని కొందరు, మనకు పాపికొండల లాంచీ చాలునని కొందరు, ఈ మోకాళ్లతో నీళ్ల మీద ప్రయాణం ఏమిటని మరికొందరు. గంట సేపు మాట్లాడుకున్నాం. తేలిందేమీ లేదు. కానీ అందరూ అడిగిన ప్రశ్నలు మూడే: భోజనం ఎలా ఉంటుంది, మనల్ని ఎవరు చూసుకుంటారు, ఎక్కడెక్కడ ఆగుతుంది.

ఇంటికి నడిచి వస్తుంటే మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఆవిడ పుట్టిల్లు బందరు. ఇంకా బందరుకు రైలు రాని రోజుల్లో ఆవిడ రాదారి పడవలో కాపురానికి వచ్చింది. పడవ మాట్లాడేముందు వాళ్ల నాన్నగారు అడిగిన ప్రశ్నలు కూడా ఇవేనట. అందుకని ఈ వ్యాసానికి ఇదే విషయంగా తీసుకున్నాను.

మన డెల్టాకు కాలువలు ఎలా వచ్చాయో సభ్యులకు తెలియనిది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయింది. అదే ఏడు బెజవాడలో ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు మధ్య కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై 1855 నాటికి ముగిసింది. ఆలోచన కాటన్ దొరది. దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఓర్. కాటన్ పేరు చెప్పగానే మనకు సాగునీరే గుర్తుకు వస్తుంది గాని, ఆయన మనసులో రాకపోకలకూ అంతే స్థానం ఉండేది. రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పెడితే ఈ దేశానికి ఎక్కువ మేలని ఆయన ఇంగ్లండులో పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించాడు. అందుకే మన ప్రధాన కాలువలకు లాకులు కట్టారు. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీరు నింపో తీసో, ఒక మట్టం నుంచి మరో మట్టానికి దించడం, ఎక్కించడం. ఆ తలుపులు తెరిచేదాకా పడవ అక్కడే ఉండాలి. ఈ ఆగడమే మన పడవ ప్రయాణాలకు ఒక రూపం ఇచ్చింది. ఎలాగో కింద చెబుతాను.

ఏలూరు కాలువ మీద పోతే ఏలూరులో గోదావరి కాలువలు కలిసేవి. బందరు కాలువ సముద్రం వైపు తీసుకుపోయేది. ఆవలి గట్టున సీతానగరం వైపు నుంచి బయలుదేరి కొమ్మమూరు కాలువ మీద పెదగంజాం చేరితే, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ చెన్నపట్నం దాకా. ఈ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం 1876-78 నాటి ధాత కరువులో పనికి కూడు పథకం కింద తవ్వించినది. అప్పటి గవర్నరు పేరు దానికి పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ నీటి దారి సాగుతుంది. 2008లో దీన్నే నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించారు. ప్రకటన అయితే అయింది.

ఇక ప్రయాణం సంగతి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగడం. మనిషి నడక ఎంతో పడవ నడక అంత. బెజవాడ నుంచి బందరు సుమారు డెబ్బై కిలోమీటర్లు. దారిలో రాత్రి గడపక తప్పదు. కనుక తిండి ప్రశ్న ముందు వచ్చేది. మా నాయనమ్మ లెక్క ప్రకారం మొదటి పూటకు పులిహోర, రెండో పూటకు దిబ్బరొట్టె, బెల్లం, అటుకులు. పెరుగు కుండ వేరే. మూడో పూట లాకుల దగ్గర. పడవ వంతు కోసం ఆగినప్పుడు ఆడవాళ్లు గట్టున మూడు రాళ్లు పెట్టి అన్నం వార్చేవారు. మడి, ఆచారం పాటించేవారికి ఈ ఏర్పాటు సుఖంగా ఉండేదని, తరువాత రైలు వచ్చినప్పుడు మొదట్లో పెద్దవాళ్లు సణిగింది ఇందుకేనని ఆవిడ చెప్పేది. ఆ సుఖం అందరికీ ఒకటి కాదన్న మాట కూడా ఇక్కడ చెప్పాలి. ఎవరు గుడిసెలో కూర్చోవాలి, ఎవరు అమరం దగ్గర ఎండలో కూర్చోవాలి అన్నది టికెట్టు నిర్ణయించేది కాదు, కులం నిర్ణయించేది.

రెండో ప్రశ్న సరంగును గురించి. పడవ కొత్తదా పాతదా అని కాదు, సరంగు ఎవరని అడిగేవారు. తాగేవాడా, రాత్రిపూట లాకుల దగ్గర నిద్రపోయేవాడా, ఆడపిల్లను ఒంటరిగా పంపితే కనిపెట్టుకుని ఉండేవాడా. ఫలానా సరంగు పడవ వచ్చేదాకా రెండు రోజులు ప్రయాణం మానుకున్నవాళ్లు కూడా ఉన్నారట. ఆ పడవల లోపలి బతుకు చూడాలనుకునేవారు పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ కథ చదవాలి. ‘గాలివాన’కు 1952లో ప్రపంచ కథల పోటీలో బహుమతి వచ్చిందని అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ పడవ కథే ఎక్కువ ఇష్టం.

మూడోది దారి. ఇది మన చేతిలో లేదు, కాలువల చేతిలో ఉండేది. ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు కదా. పెళ్లిళ్లు, పుట్టింటి రాకపోకలు ఎక్కువగా ఉండే వైశాఖ, జ్యేష్ఠాల్లోనే పడవలు బురదలో ఒరిగి ఉండేవి. అందుకే మా నాయనమ్మ పెళ్లివారు ఎడ్లబండ్ల మీద వచ్చారు, ఆవిడ మాత్రం కాలువలు వదిలాక పడవలో కాపురానికి వచ్చింది. కాలువ గట్టున దిగి, మళ్లీ బండి ఎక్కి ఉయ్యూరు చేరేసరికి దీపాలు పెట్టారట.

1908లో బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలు పడింది. రెండు రోజుల ప్రయాణం ఒక పూటలోకి వచ్చింది. రైలు మన ఉయ్యూరును తాకలేదు, ఇప్పటికీ తాకలేదు. మనల్ని పడవ మానిపించింది బందరు రోడ్డు మీది బస్సు. నా చిన్నతనంలో, అంటే 1950లలో, కాలువల్లో వరిగడ్డి, కట్టెలు, ధాన్యం వేసుకుపోయే పడవలు చూశాను గాని, వాటిలో దర్జాగా కూర్చుని ఊరికి పోయేవారిని చూసిన గుర్తు లేదు.

సముద్ర ప్రయాణం మనవాళ్లకు కొత్త కాదు. కాకపోతే అది విహారం కాదు, పొట్టకూటి ప్రయాణం. మన కోస్తా రేవుల నుంచి వేలమంది రంగం వెళ్లేవారు. బందరులో నౌక ఒడ్డుకు రాదు. దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో పోయి ఎక్కవలసిందే. చాలామందికి డెక్కు మీద చాప పరుచుకునేంత జాగా దొరికితే అదే పదివేలు. మద్రాసు నుంచి నాగపట్నం మీదుగా పెనాంగ్, సింగపూర్ వెళ్లిన రాజులా అనే నౌక 1926లో కట్టినది. దాదాపు యాభై ఏళ్లు నడిచింది. కొత్తలో అయిదు వేల మందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి దానికి ఉండేది. భోజనం, సేవ, దారి అని ఎంచుకునే వీలు ఆ అయిదు వేల మందికి ఎక్కడిది? రంగం వెళ్లినవారిలో ఎందరో 1942లో జపాను బాంబులకు వెరచి అడవుల వెంట కాలినడకన తిరిగి వచ్చారు. రానివారు కూడా ఉన్నారు.

సరదా కోసం ఓడ ఎక్కడం యూరపువాళ్లు మొదలుపెట్టిన అలవాటు. 1844లో పి అండ్ ఓ కంపెనీవారు మధ్యధరా సముద్రపు యాత్రకు థాకరే అనే ఇంగ్లీషు రచయితకు ఉచితంగా టికెట్టు ఇచ్చారు. ఆయన తిరిగివచ్చి 1846లో పుస్తకం వేశాడు. ఉచిత టికెట్టు మీద రాసిన మాటలను ఎంతవరకు నమ్మాలో ఆనాడే ఆలోచించుకోవలసింది. ఈనాటి రంగుల కరపత్రాలకు అదే పూర్వీకం. అచ్చంగా విహారానికే కట్టిన మొదటి నౌక 1900లో జర్మనీలో నీళ్లలోకి దిగింది. 1906లో జమైకా దగ్గర ఒడ్డెక్కి పాడైంది. 1958 తరువాత జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాక, ప్రయాణికుల ఓడలకు పని పోయి అవి విహారాల వైపు తిరిగాయి. మన పడవలకు రైలూ బస్సూ చేసిన పనే అక్కడ విమానం చేసింది. తేడా ఏమిటంటే వాళ్ల ఓడలు కొత్త బతుకు వెతుక్కున్నాయి. మన రాదారి పడవలు గట్టున పుచ్చిపోయాయి.

విశాఖకు 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక చెన్నై నుంచి వచ్చింది. 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడ అది, రెండు వందల మీటర్లకు పైగా పొడవు. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహార నౌకల టెర్మినల్ కూడా ప్రారంభమైంది. శాకాహారం, జైన భోజనం ఉన్నాయంటున్నారు కనుక ఉల్లి, వెల్లుల్లి ముట్టనివారికి ఆ ఒక్క విషయంలో బెంగ లేదు. దారి సంగతి మాత్రం చూడండి. ఆ మొదటి యాత్రల్లోనే పుదుచ్చేరిలో దిగవలసి ఉండగా, ఓడలో జూదశాల ఉందని అక్కడ అభ్యంతరాలు లేచాయి. అనుమతి రాలేదు. ఊరి దాకా పోయి ఊరు చూడకుండా ఓడ మళ్లింది. టికెట్టు మీద ఊరి పేరు అచ్చు వేసినంత మాత్రాన ఆ ఊళ్లో కాలు పెడతామని కాదు. కాలువలు కట్టేసిన వైశాఖమాసం లాంటిదే ఇదీను.

ఇక్కడ నా అనుభవం ఒకటి. కొన్నేళ్ల కిందట ఒక ప్రైవేటు సంస్థవారి లాంచీలో గోదావరి మీద వెళ్లాం. ఉదయం టిఫిను బాగానే పెట్టారు. మధ్యాహ్నం మా వరుస వచ్చేసరికి సాంబారు అయిపోయింది. అది పెద్ద విషయం కాదు. మరుగుదొడ్డి కింది అంతస్తులో, మెట్లు నిట్టనిలువు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మా ఆవిడ ఆ రోజంతా మంచినీళ్లు తాగడం మానేసింది. చక్కెర వ్యాధి ఉన్న మనిషి. సేవ అంటే తెల్లచొక్కా వేసుకుని నవ్వడం కాదని నాకు ఆ రోజు అర్థమైంది. పాపికొండలు ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే ఆవిడకు ఇప్పటికీ ఆ మెట్లే గుర్తు.

ఇంతకంటే బరువైన సంగతి రాయక తప్పదు. 2017 నవంబరు 12న, కార్తిక ఆదివారం సాయంత్రం, మనకు కూతవేటు దూరంలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద పవిత్ర సంగమానికి వెళుతున్న పడవ తిరగబడి 22 మంది పోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవారు. అక్కడి వాకర్స్ క్లబ్ సభ్యులు, వారి కుటుంబాలు. అంటే పొద్దున్నే కలిసి నడిచి, కబుర్లు చెప్పుకుని, ఒకసారి అందరం కలిసి వెళదామని బస్సు మాట్లాడుకున్న మనలాంటివారే. ఆ పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. ఉన్నవారు 77 మంది, బయటపడినవారు 26 మంది. నెల దాటాక కాకినాడ ధర్మాడి సత్యంగారి బృందం ఆ పడవను పైకి తీసింది. ఈ రెండు చోట్లా ఎక్కినవారు అడగవలసిన మొదటి మాట భోజనం గురించి కాదు. కానీ గుంపులో ఉన్నప్పుడు ఎవరు అడుగుతారు? పక్కవాడు ఎక్కాడు, మనమూ ఎక్కుతాం. ‘ఆలస్యమవుతోంది, ఎక్కండి సార్’ అంటే పడవ ఎంతమందికి, జాకెట్లు ఎన్ని అని లెక్క అడగడానికి మొహమాటం. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక్క వోచరు కూడా చూడకుండా సంతకం పెట్టని మనమే, పదవీ విరమణ అయ్యాక ఇంత మొహమాటస్థులం ఎందుకయ్యామో తెలియదు.

పెద్ద ఓడల్లో మునిగే భయం తక్కువే. వాటి భయం వేరు. 2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను 3,711 మందితో నిలిపివేశారు. కోవిడ్ ఏడు వందల మందికి పైగా సోకింది. వారిలో వృద్ధులే ఎక్కువ. ఓడలో డాక్టరు ఉంటాడు నిజమే గాని, ఆ డాక్టరు ఫీజు టికెట్టులో కలిసి ఉందా, మన ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందా అన్నది ఎక్కాక తెలుసుకునే సంగతి కాదు.

నా అభిప్రాయం అడిగితే, మొదటిసారికి నాగార్జునసాగర్‌లో నాగార్జునకొండకు లాంచీ మీద వెళ్లి రావడం మేలు. వెళ్లేది మ్యూజియానికి, భోజనం మన చేతి మూటే, సాయంత్రానికి ఒడ్డున ఉంటాం. విశాఖ ఓడ వద్దనను. సంఘం తరఫున మొన్న ఒక ట్రావెల్స్ వారికి ఉత్తరం రాశాం. లిఫ్టుకు గది ఎంత దూరం, ఓడ ఒక ఊళ్లో ఆగకపోతే డబ్బు ఎంత వాపసు, డాక్టరు ఖర్చు ఎవరిది, ఉప్పు తగ్గించి వండుతారా అని అడిగాం. చివర మా ఆవిడ చెప్పి చేర్పించిన వాక్యం ఒకటి ఉంది: రాత్రి తొమ్మిది గంటలకు పెరుగన్నం దొరుకుతుందా, లేక తెచ్చుకోమంటారా. ఇంకా జవాబు రాలేదు. వచ్చాక తరువాతి సంచికలో సభ్యులందరికీ తెలియజేస్తాను.