మొలొకాయి దీవిలో ఇద్దరు పరిచారకులు

తెలుగు బైబిలులో సేవకుని గురించి చెప్పే చోట రెండు మాటలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి దాసుడు, రెండవది పరిచారకుడు. మూలమైన గ్రీకు భాషలోనూ ఇవి వేర్వేరు పదాలే. మొదటిదానికి తన శరీరంపైన గాని కాలంపైన గాని హక్కు లేని బానిస అని అర్థం. రెండవది భోజనాల వద్ద వడ్డించేవాణ్ణి, ఎదుటివారి అవసరం కనిపెట్టి తీర్చేవాణ్ణి సూచిస్తుంది. క్రీస్తు తన శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం యోహాను సువార్తలో ఉంది. ఆనాటి సమాజంలో అది ఇంటి పనివారు చేసే పని. గురువే ఆ పనికి పూనుకున్నందువల్ల క్రైస్తవుల దృష్టిలో సేవకుడు అన్న మాటకు గౌరవం వచ్చింది. అయితే ఆ మాటను నిత్యజీవితంలో ఆచరించడమెలా అన్న ప్రశ్నకు నాకు వ్యాఖ్యాన గ్రంథాల కంటే వైద్య చరిత్రే ఎక్కువ సమాధానం చెప్పింది. అందులోనూ కుష్ఠువ్యాధి చరిత్ర.

పందొమ్మిదవ శతాబ్దంలో పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులు ఒక స్వతంత్ర రాజ్యం. విదేశీ ఓడలతో పాటు వచ్చిన అంటువ్యాధులు అక్కడి మూలవాసులను తుడిచిపెడుతున్న కాలమది. కుష్ఠు కూడా వ్యాపించడంతో 1865లో ఐదవ కమెహమెహ రాజు పాలనలో రోగులను బలవంతంగా వేరుచేసే చట్టం వచ్చింది. 1866 జనవరిలో మొదటి రోగులను మొలొకాయి దీవి ఉత్తరాన ఉన్న ఒక చిన్న ద్వీపకల్పంలో దింపారు. దానికి మూడు వైపుల సముద్రం, నాలుగవ వైపు గోడలా నిలిచిన కొండచరియ. ప్రకృతి కట్టిన చెరసాల అనవచ్చు. 1969లో నిర్బంధం ఎత్తివేసే వరకు సుమారు 8,000 మందిని అక్కడికి పంపారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు.

ఇక్కడ చరిత్రకారులు త్వరగా దాటిపోయే ఒక విషయం చెప్పాలి. తొలి రోజులలో రోగి వెంట ఆరోగ్యవంతుడైన భార్యనో భర్తనో బంధువునో వెళ్లనిచ్చేవారు. స్థానిక భాషలో వారిని 'కోకువా' అనేవారు, అంటే సహాయకులు. ఏ మఠమూ వారిని పంపలేదు, ఏ పతకమూ వారికి రాలేదు. వారి పేర్లలో చాలా భాగం మనకు మిగలలేదు. మన దేశంలో భార్యకో భర్తకో కుష్ఠు సోకిందన్న కారణంతో విడాకులు పొందే వీలును చట్టం నుంచి తొలగించింది 2019లోనే. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఆ కోకువాల త్యాగం విలువ తెలుస్తుంది. ఆ దీవిలో తొలి పరిచారకులు వారే అని నా అభిప్రాయం.

1873 మే 10న డామియన్ అనే బెల్జియం దేశపు కతోలిక గురువు ఆ తీరంలో దిగారు. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్లు. అసలు హవాయికి రావలసినవారు ఆయన అన్నగారు. అన్నకు జబ్బు చేయడంతో ఆ స్థానంలో తమ్ముడు 1864లో వచ్చారు. మొలొకాయికి నలుగురు గురువులు వంతులవారీగా వెళ్లాలన్నది బిషప్ ఏర్పాటు. మొదటి వంతుకు వెళ్లిన డామియన్ ఇక తిరిగి రాలేదు. మొదటి రాత్రులు ఒక చెట్టు కింద పడుకున్నారు. ఆ తరువాత వడ్రంగి అయ్యారు, తాపీపని చేశారు, నీటి గొట్టాలు వేయించారు, పుండ్లు కడిగి కట్లు కట్టారు, శవపేటికలు చేసి గోతులు తవ్వారు. వైద్యుడు నిత్యం అందుబాటులో లేని ఆ చోట ఆయనే అన్నీ. హవాయి వారి ప్రధానాహారమైన చామదుంప ముద్దను రోగులతో కలిసి ఒకే పాత్రలో చేయి పెట్టి తిన్నారు. వారితో ఒకే పొగగొట్టం పంచుకున్నారు. ముట్టుకోవడానికి ఎవరూ సాహసించని మనుషులకు ఆ స్పర్శ ఎలాంటి మందో, కుష్ఠు క్లినిక్కులో పనిచేసిన వైద్యులకు వేరే చెప్పనక్కరలేదు.

విచిత్రమేమిటంటే ఆయన మొలొకాయి చేరిన 1873లోనే, నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ అనే వైద్యుడు కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నారు. ఆ వార్త ఆ దీవిలోని రోగులకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు. సరైన మందు దొరకడానికి మరో ఏడు దశాబ్దాలు పట్టింది.

1884 డిసెంబరులో ఒక రోజు డామియన్ సలసలా కాగిన నీటిలో పాదం పెట్టారు. చర్మం బొబ్బలెక్కింది గాని నొప్పి తెలియలేదు. వైద్యునికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. కాలిలో సిగరెట్టు నిప్పు పడినా, ముల్లు లోతుగా దిగినా తెలియక నడిచి వచ్చిన రోగులను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. ఈ వ్యాధిలో నొప్పి ఉండకపోవడమే అసలు ప్రమాదం. డామియన్ తన జబ్బు సంగతి తెలిశాక కూడా పని ఆపలేదు. 1889 ఏప్రిల్ 15న, 49వ ఏట మరణించారు.

ఆయన చివరి నెలల్లో పరిచర్య చేసిన వ్యక్తి మదర్ మేరియన్ కోప్. జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగిన ఫ్రాన్సిస్కన్ సన్యాసిని. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో ఒక ఆసుపత్రికి అధికారిణిగా పనిచేశారు. హవాయి రాజు పంపిన అభ్యర్థనను యాభైకి పైగా మఠాలు తోసిపుచ్చాయి. ఈమె మాత్రం ఒప్పుకుని 1883లో ఆరుగురు సన్యాసినులతో హొనొలులు చేరారు. 1888 నవంబరులో మొలొకాయికి వచ్చారు. ఈమె తీరు డామియన్ తీరుకు పూర్తిగా భిన్నం. చేతులు కడుక్కోవాలన్నది ఈమె విధించిన మొదటి నియమం. పరిశుభ్రతలో మినహాయింపు లేదు. తన సోదరీమణులలో ఎవరికీ ఈ రోగం రాదని భరోసా ఇచ్చారు, అలాగే ఎవరికీ రాలేదు. 1918 ఆగస్టు 9న తన 80వ ఏట, కుష్ఠుతో కాక వయోభారంతో వచ్చిన జబ్బులతో కన్నుమూశారు. ముప్పై ఏళ్లు ఆ తీరంలో గడిపారు. రోగులైన బాలికలకు మంచి దుస్తులు కుట్టించారు, కుట్టుపని నేర్పారు, చెట్లు నాటించారు.

శాస్త్రరీత్యా ఒక సవరణ అవసరం. నూటికి 95 మందికి కుష్ఠును ఎదుర్కొనే సహజ శక్తి ఉంటుందని ఇప్పుడు తెలుసు. చికిత్స పొందని రోగితో దీర్ఘకాలం సన్నిహితంగా ఉన్నప్పుడు ప్రధానంగా ముక్కు, నోటి తుంపరల ద్వారా ఇది సోకుతుంది. కాబట్టి సన్యాసినులను కేవలం సబ్బు కాపాడిందనీ, డామియన్‌ను చామదుంప పాత్ర చంపిందనీ అనడం తొందరపాటు.

అయినా ప్రశ్న అలాగే ఉంటుంది. నిజమైన సేవకుడు రోగిగా మారాలా? మారనక్కరలేదనే నా సమాధానం. దాసునికి తన శరీరంపై హక్కు లేదన్న మాటను లోతుగా చూస్తే, దానిని నిర్లక్ష్యం చేసే హక్కు కూడా లేదని అర్థమవుతుంది. పరిచారకుడు మంచాన పడితే వడ్డించేది ఎవరు? మేరియన్ గారి శుభ్రత రోగుల పట్ల అసహ్యం కాదు, వారి వద్ద మరో ఇరవై ఏళ్లు ఉండడానికి చేసుకున్న ఏర్పాటు. కోవిడ్ రోజుల్లో పీపీఈ దుస్తులు వేసుకున్న మన నర్సులకు ఇది బాగా తెలుసు. అలాగని డామియన్‌ను తగ్గించలేను. ఆయన వచ్చిన నాటికి అక్కడ అన్నిటికంటే ముందు కావలసింది దూరం తొలగించే మనిషి. పదిహేనేళ్ల తరువాత ఆసుపత్రి క్రమశిక్షణ తెలిసిన మనిషి అవసరమయ్యారు. ఎదుటివారి అవసరమే యజమాని అయినప్పుడు సేవ రూపం కూడా దానిని బట్టే మారుతుంది.

డామియన్ సాధువులా సౌమ్యుడని అనుకోకండి. మొండి మనిషి. పైఅధికారులతో, ఆరోగ్య మండలితో తరచూ తగవులాడేవారు. ఆయన మరణానంతరం హైడ్ అనే హొనొలులు ప్రొటెస్టెంట్ బోధకుడు ఆయనను మురికివాడు, మొండివాడు అని నిందిస్తూ రాసిన ఉత్తరం బయటపడింది. స్వయంగా మొలొకాయి చూసి వచ్చిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1890లో దానికి బహిరంగ లేఖతో ఘాటైన జవాబిచ్చారు. డామియన్ లోపాలను ఆయన దాచలేదు. ఆ నిజాయితీ వల్లనే ఆ జవాబు నిలిచింది.

మన ప్రాంతంలోనూ ఈ చరిత్రకు ఒక పుట ఉంది. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి గత శతాబ్ది తొలి దశాబ్దాలలో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. దానికి ధనసహాయం చేసిన నర్సా గౌడ్ గారు హిందువు. అక్కడ ఆనాడు ఇచ్చినది చాల్‌మోగ్రా నూనె ఇంజక్షన్లు. నేడు బహుళ ఔషధ చికిత్సతో ఆరు నుంచి పన్నెండు నెలల్లో వ్యాధి నయమవుతుంది, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. స్పర్శ తెలియని మచ్చ ఏదైనా శరీరంపై ఉంటే దాచకుండా చూపించుకోండి.

నిర్బంధం ఎత్తివేసిన తరువాత కూడా మొలొకాయి రోగులు కొందరు ఆ తీరం విడిచి వెళ్లలేదు. డామియన్ అవశేషాలను 1936లో బెల్జియం ప్రభుత్వం కోరి తీసుకుపోయింది. 1995లో ఆయన కుడి చేతిని మాత్రం తిరిగి పంపారు. పుండ్లు కడిగిన ఆ చేతిని మొలొకాయిలోని పాత సమాధిలోనే మళ్లీ ఉంచారు.