ఉరితాడు ఎప్పుడు వెళ్లిపోయింది?

"ఉరిశిక్షను తిరిగి తేవాలా?" అన్న విషయం మీద ఈ ఏడు మా మియాపూర్ కాలేజీలో వక్తృత్వపు పోటీ జరిగింది. న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. మాట్లాడిన పదకొండు మందిలో తొమ్మిది మంది తేవాలన్నారు. తిరిగి తేవడానికి అది ఎప్పుడు వెళ్లిపోయిందని ఒక్కరూ అడగలేదు.

వెళ్లలేదు. బ్రిటిషువారు తమ దేశంలో హత్యానేరానికి ఉరిని 1965లో ఆపి, 1969లో శాశ్వతంగా తీసివేశారు. మనకు వారు వదిలివెళ్లిన ఉరి మాత్రం చెక్కుచెదరలేదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానిని అట్లాగే ఉంచడమే గాక, మూకహత్యకు కూడా మరణశిక్ష వేయవచ్చునన్నది. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఐదుగురి ఉరిని తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖాయపరచింది. కనుక మనం అడగవలసిన ప్రశ్న వేరు. ఈ తాడు తెలుగునాట ఎవరి మెడకు బిగిసింది? ఎవరి మెడ నుంచి, ఎవరి బలంతో జారింది?

నల్లగొండతో మొదలుపెడదాం. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం ప్రభుత్వం పోయింది గాని, దొరల మీద తిరగబడిన రైతులకు కష్టాలు పోలేదు. ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారణ జరిపి 1949 ఆగస్టులో మరణశిక్షలు వేశాయి. డిసెంబరులో హైకోర్టు అప్పీళ్లు కొట్టివేసింది. పాఠకులు ఈ తేదీని గమనించాలి. రాజ్యాంగం అమలులోకి వచ్చింది 1950 జనవరి 26న. అంటే ప్రాథమిక హక్కులు ఆ రైతుల వద్దకు ఆరు వారాలు ఆలస్యంగా వచ్చాయి! నిందితులకు వకీలు సహాయం కూడా సరిగా దొరకని ఆ విచారణ చెల్లదని, ఇంగ్లండు నుంచి వచ్చిన డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించాడు. తీర్పులు రాజ్యాంగానికి ముందే అంతిమమయ్యాయి, రాజ్యాంగం వెనుకటి కాలానికి వర్తించదు అని 1951 మార్చిలో కోర్టు జవాబు చెప్పింది. శాస్త్రప్రకారం అది సరియే కావచ్చు. కాని అది మనుషుల మెడలకు సంబంధించిన శాస్త్రం. దేశంలోనూ విదేశాల్లోనూ లేచిన ఆందోళనే ఆ పన్నెండుగురి ఉరిని యావజ్జీవ ఖైదుగా మార్పించింది.

పావు శతాబ్దం గడిచింది. ఈడిగ అనమ్మ ఒక స్త్రీనీ పసిబిడ్డనూ చంపింది. నేరం చిన్నది కాదు. అయినా 1974లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె చిన్న వయస్సునూ, అత్తింటి నుంచి కొట్టి తరిమివేయబడ్డ బతుకునూ, ఆమె ఒక బిడ్డ తల్లి అన్న సంగతినీ, రెండేళ్లకు పైగా చావు కోసం ఎదురుచూసిన వేదననూ లెక్కలోకి తీసుకుని ఉరిని రద్దు చేశాడు. నేరంతోపాటు నేరస్థుని జీవితాన్ని కూడా చదవాలని ఆ తీర్పు చెప్పింది.

మరుసటి ఏడు అదే రాష్ట్రంలో ఆ చదువు అక్కరకు రాలేదు. ఆదిలాబాదు జిల్లా భూస్వామి హత్య కేసులో భూమయ్య, కిష్టాగౌడ్ అనే పేద రైతాంగపు బిడ్డలకు ఉరి పడింది. వారి చర్య నక్సలైటు ఉద్యమంలో భాగం. 1975 మే నెలలో చివరి గడియల్లో కోర్టు స్టే ఇచ్చింది. సభలు జరుగుతున్నాయి, సంతకాలు సేకరిస్తున్నారు, పత్రికలు రాస్తున్నాయి. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. సభలు లేవు, పత్రికలకు నోరు లేదు. డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఇద్దరినీ ఉరితీశారు. మే నెలకూ డిసెంబరుకూ మధ్య వారి నేరం పెరిగిందా? చట్టం మారిందా? జనం నోరు మూతపడింది, అంతే.

చిలకలూరిపేట కేసు మన వాదనకు కఠినమైన పరీక్ష. 1993 మార్చిలో దోపిడీ కోసం బస్సుకు నిప్పు పెట్టారు; 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. అక్కడ ఉద్యమం లేదు, ఆశయం లేదు. శిక్షపడిన ఇద్దరూ దళిత యువకులు. 1996లో సుప్రీంకోర్టు ఉరిని ఖాయపరచింది. కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు వారి ప్రాణాల కోసం నిలబడినప్పుడు, చనిపోయినవారివి ప్రాణాలు కావా అని జనం అడిగారు. అడగవలసిన మాటే. ఒక రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించాడు. తరువాతి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ 1998లో యావజ్జీవానికి మార్చాడు. నేరం అదే, ఇద్దరు రాష్ట్రపతులు, రెండు జవాబులు. అప్పీలు, స్టే, అర్జీ అని మనం విసుక్కునే ఆ జాప్యమే ఇద్దరిని బతికించింది.

ఇక 2019. నవంబరు 27న శంషాబాద్ వద్ద ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, చటాన్‌పల్లి వంతెన కింద తగులబెట్టారు. ఊరంతా ఉరి అన్నది. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ వంతెన దగ్గరే నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చిచంపారు. ఆ ప్రాంతమూ మా మియాపూరూ అప్పుడు ఒకే సైబరాబాద్ కమిషనరేట్ కింద ఉండేవి. పోలీసుల మీద పూలు చల్లారు. మా స్టాఫ్ రూములో మిఠాయి పంచారు. నేనూ తీసుకుని తిన్నాను. కాదనగల ధైర్యం లేక తిన్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి ఆ ఉదయం నాకూ ఊరటగానే ఉండింది.

వారం తిరగకుండా ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 పనిదినాల్లో తీర్పు, అత్యాచారానికి ఉరి అంటూ దిశ బిల్లు ఆమోదించింది. అది చట్టం కాలేదు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను విచారించాలని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. మైనరుకు మన చట్టం ఉరి వేయనివ్వదు. ఉరి కావాలని మొదలైన కేక, ఉరికి కూడా అందని వారిని చంపి చల్లారింది. ఆ వయస్సును నిర్ధారించవలసిన కోర్టు దాకా వారు చేరనే లేదు.

ముషీరాబాద్ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉన్నది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, దారిలో రైలు మారితే అదే పేరు గల స్టేషనులో దిగవచ్చు. భూమయ్య, కిష్టాగౌడ్ ఎవరని ఆ రైలులో మా విద్యార్థులను అడిగితే చెప్పలేరు. తప్పు వారిది కాదు. పాఠం చెప్పేవాళ్లం మేమే.

పోటీలో ఉరి కావాలన్న అమ్మాయికే మొదటి బహుమతి ఇచ్చాను. రాత్రి రైలు దిగి హాస్టలుకు నడిచే సందులో దీపం ఉండదని, సెల్‌ఫోను చెవికి ఆనించి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ నడుస్తానని ఆమె చెప్పింది. సభలో ఎవరూ కదలలేదు. ఆ భయానికి నా దగ్గర చరిత్ర తప్ప జవాబు లేకపోయింది. కమిషన్ నివేదిక ప్రతి చదవమని ఇచ్చాను. ఇంకా తిరిగి ఇవ్వలేదు.