కానరాని బరువు - కావలూరు కొండ

ఉగాదినాడు పంచాంగ శ్రవణములో గ్రహముల గమనమును గూర్చి మనమందరము వినుచుందుము. ఆ గమనమును బట్టియే కంటికి కానరాని వస్తువును కనిపెట్టిన చరిత్ర యొకటి కలదు. రాయవేలూరు, గుడియాత్తము తెలుగు కుటుంబముల పిల్లలు "కృష్ణపదార్థమనగా నేమి? కానరానిది ఉన్నదని ఎట్లు చెప్పుదురు?" అని అడుగుచున్నారు గనుక, ఆ చరిత్రను ఇక్కడ విన్నవించుచున్నాము.

రైల్వేలో సీలు వేసిన వ్యాగనును వేబ్రిడ్జి మీదికి తెచ్చినప్పుడు లోని సరుకు మాకు కానరాదు. ఖాళీ బండి బరువు దానిమీదనే వ్రాసి యుండును. తూకములో అంతకు మించి వచ్చినదే సరుకు బరువు. ఆకాశములో వేబ్రిడ్జి లేదు. అక్కడ వేగమే తూకము. సూర్యునికి దగ్గరనున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పోవును. దూరమున నున్న నెప్ట్యూన్ 5 కిలోమీటర్లు మాత్రమే. దూరము పెరిగినకొలది లాగు బలము తగ్గును, వేగమును తగ్గును.

1933లో జ్విక్కీ అను శాస్త్రజ్ఞుడు కోమా అను గెలాక్సీల గుంపును పరిశీలించెను. అవి పరుగెత్తు వేగమునకు, కనిపించు నక్షత్రముల బరువు వాటిని పట్టి ఉంచుటకు చాలదని తేల్చెను. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనువారు ఆండ్రోమెడా గెలాక్సీని చూడగా, అంచున నున్నవి కూడ వేగము తగ్గక తిరుగుచుండెను. వెలుగు నీయక, వెలుగును అడ్డగింపక, బరువు మాత్రము గల పదార్థమేదో అక్కడ ఉండవలెను. అదియే కృష్ణపదార్థము. మనమెరిగిన పదార్థమునకు అది సుమారు 5 రెట్లని నేటి లెక్క.

ఇట్టి ఊహ నమ్మదగినదేనా? పూర్వము రెండు విధములుగను జరిగినది. యురేనస్ నడకలోని తేడాను బట్టి లెవెరియే లెక్కగట్టగా, 1846లో నెప్ట్యూన్ దొరికెను. బుధుని నడకలోని తేడాకును ఆయన మరియొక గ్రహమును ఊహించెను. అది దొరకనే లేదు. 1915లో ఐన్‌స్టీన్ ఆకర్షణ సూత్రమునే సవరించి ఆ తేడాను వివరించెను. నేడును కొందరు సూత్రమునే సవరింపవలెనందురు. పెక్కుమంది పదార్థము కలదనియే అందురు. ఆ పదార్థము దేనితో అయినదో ఇంతవరకు ఎవరును పట్టుకొనలేదు.

చూడకయే తెలిసికొను ఈ విద్య మన చెంతనే జరిగినది. గుడియాత్తము నుండి జోలారుపేట పోవు దారిలో వాణియంబాడి దిగి, ఆలంగాయము మీదుగా పోయిన జవ్వాది కొండలలో కావలూరు వేధశాల కలదు. దానిని స్థాపించిన వైను బప్పుగారు హైదరాబాదులో పెరిగినవారు. తండ్రిగారు అక్కడి నిజామియా వేధశాలలో ఉద్యోగి. 1968లో కావలూరులో పని మొదలైనది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రమునకు అడ్డువచ్చు వేళ, గ్రహము ఇంకను చేరకమునుపే నక్షత్రకాంతి క్షణకాలము తగ్గుట కావలూరులో నమోదైనది. విమానములో నుండి చూచిన అమెరికా శాస్త్రజ్ఞులకును అట్లే కనబడెను. యురేనస్ చుట్టునున్న వలయములు లోకమునకు తెలిసినది అట్లే.

చిరంజీవులారా, ఇది దూరదేశముల విద్యయని వెనుదీయకుడు. లెక్కలు, భౌతికశాస్త్రము శ్రద్ధగా చదువుడు. సీలు వేసిన ఆ వ్యాగను తలుపు ఇంకను తెరువబడలేదు.