కారుకు మెరుగు పెట్టు పనిముట్లు: పైపూతల చరిత్ర

వస్తువునకు వన్నె తెచ్చుట ఒక పని, ఉన్న వన్నెను నిలుపుట మరియొక పని. మొదటిది రంగు వేయువాని వృత్తి, రెండవది మెరుగు పెట్టువాని వృత్తి. ఈ రెండవ వృత్తి చరిత్ర మొదటి దాని వెనువెంటనే నడచినది. కారుపై పూత మారినపుడెల్లను దానిని రుద్దు పొడియు, తుడుచు గుడ్డయు, తిప్పు యంత్రమును మారవలసి వచ్చెను. పూత మారినను చేతి అలవాటు మారనిచోట నష్టము కలిగెను. నేడు అంగడిలో వందలకొలది సీసాలు, డబ్బాలు, బిళ్ళలు కానవచ్చుచున్నవి. వానిలో ఏది కొనవలెనను ప్రశ్నకు సమాధానము ఆ సీసాలపై చీటీలలో కంటె ఈ చరిత్రలోనే ఎక్కువగా దొరకును.

తొలి కార్ల దేహము గుర్రపు బండి దేహమే. బండ్లు చేసిన చేతులే కార్లను చేసినవి. మన దక్షిణదేశమున 1840లో మద్రాసులో నెలకొన్న సింప్సన్ కంపెనీ మొదట గుర్రపు బండ్లు నిర్మించి, తరువాత మోటారు వాహనముల పనిలో ప్రవేశించుట ఇందుకు దగ్గరి నిదర్శనము. ఆ కాలపు పూత అవిసె నూనె, సఫేదా, కోపల్ అను గట్టి జిగురు చేరినది. ఒక పూత వేయుట, ఆరనిచ్చుట, నురుగురాతి పొడితో నీరు చల్లుచు రుద్దుట, మరల పూయుట: ఇట్లు పొరమీద పొర వేసి, చివర వార్నీషు పట్టించువరకు వారములు గడచుచుండెను. అట్టి వార్నీషు మెత్తనిది. దానికి చన్నీరు, మెత్తని స్పాంజి, లేతతోలు చాలును. గట్టి పొడితో రుద్దిన వార్నీషు మాసిపోవును. నాటి బండివానికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. పూసినవాడును తుడిచినవాడును ఒకే కొట్టులో ఉండిరి.

కార్లు వేలకొలది తయారగుట మొదలైనపుడు ఈ జాగు భరింపరానిదయ్యెను. ఫోర్డు కంపెనీ 1914 మొదలు 1925 వరకు తన మోడల్ టీ కారును నల్లరంగుతో మాత్రమే విడుదల చేసెను. పొయ్యిలో కాల్చి త్వరగా ఆరబెట్టదగిన నల్ల ఎనామెలు అందుకు అనుకూలించెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ నుండి, అనగా తుపాకిమందునకు దగ్గరి బంధువైన పదార్థము నుండి, డ్యూకో అను లాకరును సిద్ధము చేసెను. జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లు 1924 నమూనాలలో ఈ పూతతో నీలివర్ణమున వెలువడెను. వారములు పట్టిన పని గంటలలోనికి వచ్చెను. రంగుల కరవు తీరెను.

కాని ఈ లాకరుకు ఒక గుణము కలదు. స్ప్రే చేసి ఆరిన పిమ్మట అది తనంతట పూర్తిగా మెరయదు. పైభాగమును సన్నగా రాచి నునుపు చేసిననే కాంతి వచ్చును. రబ్బింగు కాంపౌండు అను పేరు ప్రతి షెడ్డులోను నిలిచిపోవుటకు కారణము ఇదియే. అదియొక రాపిడి పొడిని ముద్దగా చేసిన పదార్థము. పొర మందముగా నుండుటచేతను, మెత్తనిదగుటచేతను ఏటేట కొంత రాచినను ఆ కారు తట్టుకొనెను. రాచుటయే మెరుగు అను నమ్మకము ఈ కాలమున పాతుకొన్నది.

రాపిడి సామగ్రియు అప్పటికే మారియుండెను. 1891లో ఎడ్వర్డ్ అచెసన్ కనుగొన్న సిలికాన్ కార్బైడ్ ప్రకృతిలో దొరకు గరుకురాళ్ళ స్థానమును క్రమముగా ఆక్రమించెను. ఫ్రాన్సిస్ ఓకీ కనిపెట్టిన, నీటిలో తడిపి వాడదగు గరుకు కాగితమును 1921లో అమెరికాలోని 3ఎం కంపెనీ అమ్మకమునకు పెట్టెను. దీని విలువ కేవలము నునుపులో లేదు. సీసము కలిసిన రంగును పొడిగా గీకినపుడు లేచు ధూళి పనివాని ఊపిరితిత్తులలోనికి పోయి విషమగుచుండెను. నీరు ఆ ధూళిని అణచెను. అదే సంస్థలో పనిచేసిన రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపును రూపొందించెను. రెండు రంగుల కార్లు పూయునపుడు అంటించిన జిగురు కాగితములు రంగునే ఊడబెరుకుట చూచి ఆయన దీనికి పూనుకొనెను. నేడు మెరుగు పెట్టువారు రబ్బరు అంచులను, ప్లాస్టిక్ భాగములను కప్పుటకు ఈ టేపునే వాడుదురు.

రాచిన పొరకు కాపు కావలెను. అందుకు మైనము వచ్చెను. బ్రెజిల్ ఈశాన్యమున సియారా, పియావి ప్రాంతములలో పెరుగు కర్నూబా తాటి ఆకులపై ఒక గట్టి మైనము ఏర్పడును. ఆకులను ఎండబెట్టి దులిపి దానిని సేకరింతురు. అది సుమారు 82 డిగ్రీల సెంటీగ్రేడు మీదనే కరగును గావున ఎండకు సులభముగా లొంగదు. చికాగో నగరమున 1910వ దశకమున సైమొనైజ్, 1940వ దశకమున టర్టిల్ వ్యాక్స్ అను సరకులు వెలసెను. మొదటి దాని పేరు ఇంగ్లీషున కారును మెరయించుట అను అర్థముగల క్రియాపదమే అయ్యెను. అనంతరము సిలికోన్ నూనెలు చేరుటతో పూయుట సులభమయ్యెను. ఐతే సిలికోన్ అంటిన చోట మరల రంగు వేసినపుడు చేపకన్నువంటి గుంటలు పడుట కలదు. అందువలన రంగువాని కొట్టులో సిలికోన్ డబ్బాను దూరముగా నుంచుట మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఈ కథలో తెలుగువారి దేశమునకును కొంత పొత్తు కలదు. లాకరు అను మాటకు మూలము మన లక్కకు తల్లియైన లాక్షా శబ్దమే. అది పర్షియన్, పోర్చుగీసు భాషల మీదుగా ఐరోపా చేరెను. వరాహనది యొడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలోనున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు యంత్రముపై త్రిప్పుచు లక్కకడ్డీని ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రపై పరచుకొనును. పిదప మొగలి ఆకుతో అదిమి మెరుగు తెత్తురు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఇక తెలంగాణములోని నిర్మల్ కళాకారులు కారు కొరకు పుట్టిన డ్యూకో రంగులనే తమ చిత్రములకు వాడుచున్నారు. కారు షెడ్డులలోను స్ప్రే రంగుపనిని నేటికిని డ్యూకో పని యనువారు కలరు. సరకు మారినను పేరు మిగిలినది.

ఏటికొప్పాక పనివానికి వేడి మిత్రము. కారుకు మెరుగు పెట్టువానికి అదియే శత్రువు. దీనికి కారణము 1980వ దశకము నుండి విస్తరించిన రెండంచెల పూత. క్రింద పలుచని రంగు, పైన రంగులేని పారదర్శకమైన పొర. మెరపంతయు ఆ పైపొరదే. ఎండనుండి రంగును కాచు పదార్థములును దానిలోనే కలవు. దాని మందము సామాన్యముగా 35 నుండి 50 మైక్రాన్లు, అనగా తలవెండ్రుక కంటె పలుచన. ఒకసారి గట్టిగా రాచినచో కొన్ని మైక్రాన్లు పోవును. పోయినది తిరిగి రాదు. డ్యూకో కాలపు అలవాటుతో ఏటేట కాంపౌండు పట్టించిన కార్ల కప్పులు కొన్నియేండ్లకు తెల్లబారి పొట్టు లేచుట ఈ లెక్క తెలియకపోవుటచేతనే. ఆ దశకు వచ్చిన పిదప ఏ సీసాయు పనికిరాదు, రంగే మరల వేయవలెను.

కావున మొదట తెలియవలసినది సరకు పేరు కాదు, పొర స్వభావము. దానికొక సులభ పరీక్ష కలదు. చాటుగానున్న చోట తెల్లగుడ్డపై కొంచెము పాలిష్ వేసి రుద్దినపుడు గుడ్డకు కారు రంగు అంటినచో అది ఒకే పూతగల కారు. అంటనిచో పైన పారదర్శకపు పొర యున్నదని గ్రహింపవచ్చును. మందము కొలుచు చిన్న సాధనములును దొరకును. ఒకచోట సంఖ్య మిగిలినవానికంటె చాల హెచ్చుగా నున్నచో అక్కడ మరల రంగు వేసిరనియు, తగ్గినచో ఇదివరకే రాచిరనియు ఊహింపవలెను.

యంత్రములు ముఖ్యముగా రెండు విధములు. ఒక కేంద్రమున నేరుగా తిరుగు రోటరీ త్వరగా కోయును, త్వరగా వేడెక్కించును. నేర్పులేని చేతిలో అంచులయందు పొరను కాల్చివేయును, సుడుల గీతలు మిగుల్చును. రెండవది తిరుగుచునే అటునిటు ఊగునది, దీనిని డ్యూయల్ యాక్షన్ అందురు. వేడి ఒకచోట నిలువనీయదు గావున ఇంటివారికిని క్రొత్తవారికిని ఇదియే తగినది. ఉన్ని బిళ్ళ గట్టిగా రాచును. స్పాంజి బిళ్ళలలో గట్టివి మధ్యమముగాను, మెత్తనివి తుది మెరుగునకును ఉపకరించును. తలుపుపై జానెడు చోట మెత్తని బిళ్ళతో, సన్నని పాలిష్‌తో మొదట పరీక్షించి, చాలనపుడే ఒక మెట్టు పైకి పోవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకను సామెత ఇచ్చట అక్షరాల వర్తించును.

అసలు గీతలలో అధికభాగము మెరుగు పెట్టునపుడు గాక కడుగునపుడే పడును. ఒక బకెట్టులో సబ్బునీరు, మరియొకదానిలో గుడ్డ జాడించుటకు మంచినీరు ఉంచుకొన్నచో ఇసుకరేణువు మరల కారుపైకి రాదు. పాత్రల సబ్బు మైనమును తొలగించును, కారుకై చేసిన తటస్థమైన షాంపూ మేలు. తుడుచు గుడ్డకు మైక్రోఫైబరు వచ్చినది. జపానులో 1970లో టోరే కంపెనీకి చెందిన మియొషి ఒకామొటో అతిసన్నని పోగులను నేసి ఈ మార్గము తెరచెను. ఆ పోగులు ధూళిని తమలోనికి తీసికొనును. నేలపడిన గుడ్డను మరల కారుకు తాకించరాదు. కడిగినను పోని ఇనుపరజను, రంగుతుంపరలను లాగుటకు జపాను నుండియే క్లే ముద్ద వచ్చెను. అది నీరో జారుడు ద్రవమో లేక వాడరాదు.

ఇటీవలి సిరామిక్ పూతలు సిలికా ఆధారమైనవి. మైనము కొన్ని వారములు నిలిచినచో ఇవి సంవత్సరములు నిలువగలవు. వీని సీసాలపై కానవచ్చు 9హెచ్ అను గుర్తు పెన్సిలు గీత పరీక్షకు సంబంధించినది గాని రత్నముల కాఠిన్యపు కొలతకు కాదు. దానిని చూచి గీతలే పడవని నమ్మరాదు. అడుగున గీతలున్న కారుపై దీనిని పూసినచో ఆ గీతలనే భద్రపరచినట్లగును.

ఈ వృత్తిలో కాపాడవలసినది కారు పొర యొక్కటే కాదు. సీసపు ధూళిని నీటితో అణచిన 1921 నాటి పాఠము నేటికిని చెల్లును. రాచునపుడు ముఖమునకు మాస్కు, చేతులకు తొడుగులు, గాలి ఆడు చోటు అవసరము. క్రొత్త రంగులలోని ఐసోసయనేట్లు ఉబ్బసమును కలిగింపగలవు గావున స్ప్రే పనికి మామూలు గుడ్డ చాలదు. అందుకు ప్రత్యేకమైన శ్వాస రక్షణ కావలెను. ఎన్నికలో మొదటి స్థానము వీనికే ఈయదగును. తరువాతనే పొర నెరుగుట, మెత్తనిదానితో మొదలిడుట, చాలినంతట ఆపుట. వార్నీషు నాటి బండివాడు తన పొర నెరిగి పనిచేసెను. నేటి పనివానికిని కావలసినది ఆ యెరుకయే.